పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు: తారాగుచ్ఛాల్లో కృష్ణబిలాల జంటలు

ప్రశ్న: 2015లో అమెరికాలోని లైగో అనే పరిశోధన కేంద్రాలు పట్టుకున్న మొదటి గురుత్వ తరంగం రెండు కృష్ణబిలాల కలయిక వల్ల పుట్టిందని మా అధ్యాపకులు చెప్పారు. దగ్గరికి వచ్చిన ప్రతిదాన్నీ కృష్ణబిలం లాగేసుకుంటుంది కదా, మరి రెండు కృష్ణబిలాలు కలవడంలో వింత ఏముంది? అంత విశాలమైన ఆకాశంలో అవి ఒకదానికొకటి ఎలా తారసపడతాయి? (డిగ్రీ విద్యార్థిని, ఒంగోలు)

సమాధానం: మీ రెండో ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు మొదటి ప్రశ్నలో ఉన్న అపోహను తొలగించాలి. కృష్ణబిలం దేన్నీ ప్రత్యేకంగా పీల్చుకోదు. సూర్యుడి స్థానంలో సూర్యుడంత బరువే ఉన్న కృష్ణబిలాన్ని ఉంచామనుకోండి. భూమి మీద చీకటీ చలీ కమ్ముకుంటాయే తప్ప, భూమి ఇప్పుడున్న కక్ష్యలోనే తిరుగుతూ ఉంటుంది, అందులో పడిపోదు. అలాగే ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే రెండు కృష్ణబిలాలు కూడా, వాటి నుంచి శక్తిని ఎవరో ఒకరు తీసుకుపోతే తప్ప, దగ్గరికి రావు. వాటంతట అవి శక్తిని పోగొట్టుకునే దారి ఒక్కటే ఉంది, అది గురుత్వ తరంగాలను, అంటే స్థలకాలంలో లేచే అలలను, వెదజల్లడం. ఎడం ఎక్కువగా ఉన్నప్పుడు ఆ దారి నమ్మశక్యం కానంత నెమ్మదిగా నడుస్తుంది.

ఎంత నెమ్మదో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. ఒక్కొక్కటి 30 సూర్యుల బరువున్న రెండు కృష్ణబిలాలు, సూర్యుడికీ భూమికీ మధ్య ఉన్నంత ఎడంలో, అంటే 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో, గుండ్రని కక్ష్యలో తిరుగుతున్నాయనుకుందాం. కేవలం గురుత్వ తరంగాల వల్ల అవి కలవడానికి దాదాపు 6 లక్షల కోట్ల సంవత్సరాలు పడుతుంది. విశ్వం వయసే 1,380 కోట్ల సంవత్సరాలు. అదే ఎడాన్ని పదో వంతుకు, అంటే కోటిన్నర కిలోమీటర్లకు కుదిస్తే, 60 కోట్ల సంవత్సరాల్లోనే కలిసిపోతాయి. దూరం సగమైతే సమయం పదహారో వంతుకు పడిపోతుంది కనుక ఇంత తేడా వస్తుంది. కాబట్టి అసలు చిక్కు చివరి కలయికలో లేదు. ఆ 15 కోట్ల కిలోమీటర్లను కోటిన్నరకు ఎవరు తగ్గిస్తారన్న దగ్గర ఉంది.

పుట్టినప్పుడే జంటగా ఉన్న రెండు భారీ నక్షత్రాలు, రెండూ కృష్ణబిలాలుగా మారి, చివరికి కలవవచ్చునన్నది ఒక మార్గం. ఆ మార్గం నిజంగానే ఉంది. అయితే అంత దగ్గరగా పుట్టిన నక్షత్రాలు వయసు మీరి ఉబ్బినప్పుడు వాటి దేహాలే ఆ ఎడం కంటే పెద్దవైపోతాయి కనుక, అవి కృష్ణబిలాలుగా మారకముందే ఒకటైపోకుండా ఎలా తప్పించుకుంటాయన్నది వేరే పెద్ద కథ. మీరు అడిగింది వేర్వేరు చోట్ల పుట్టిన బిలాలు తారసపడడం గురించి. దానికి సరైన స్థలం తారాగుచ్ఛం, అందులోనూ నక్షత్రాలు బంతిలా గుమిగూడిన గోళాకార తారాగుచ్ఛం.

మన పాలపుంత చుట్టూ ఇలాంటి గోళాకార గుచ్ఛాలు 150కి పైగా ఉన్నాయి. ఒక్కో దానిలో లక్షల కొద్దీ నక్షత్రాలు ఉంటాయి, వయసు 1,000 కోట్ల సంవత్సరాలకు అటూ ఇటూగా ఉంటుంది. మన సూర్యుడికి అతి దగ్గరి పొరుగు నక్షత్రం 4.2 కాంతి సంవత్సరాల దూరంలో ఉండగా, కిక్కిరిసిన గుచ్ఛాల నడిబొడ్డున అంతే స్థలంలో లక్షల నక్షత్రాలు ఇమిడి ఉంటాయి. పైగా ఈ గుచ్ఛాలు పుట్టిన కాలంలో విశ్వంలో హైడ్రోజన్, హీలియంలను మించిన బరువైన మూలకాలు చాలా తక్కువ. అవి తక్కువగా ఉన్న నక్షత్రం తన పై పొరలను గాలులుగా వదిలేయడం కూడా తక్కువే కనుక, చనిపోయేటప్పుడు బరువైన కృష్ణబిలాన్ని మిగులుస్తుంది. గుచ్ఛం పుట్టిన కొద్ది కోట్ల సంవత్సరాల్లోపే భారీ నక్షత్రాల ఆయువు తీరిపోతుంది. పేలుడు తాకిడికి కొన్ని బిలాలు గుచ్ఛం దాటి పోయినా, బరువైనవి ఎక్కువగా లోపలే నిలుస్తాయి. అక్కడి నుంచి అసలు పని మొదలవుతుంది.

రాళ్లున్న బియ్యాన్ని మన ఇళ్లల్లో గాలించడం మీరు చూసే ఉంటారు. గిన్నెలో నీళ్లు పోసి తిప్పుతూ వంచుతుంటే తేలికైన బియ్యం నీటితోపాటు పక్క గిన్నెలోకి జారుతుంది, బరువైన రాయి అడుగున నిలిచిపోతుంది. తారాగుచ్ఛంలోనూ ఇలాంటిదే జరుగుతుంది, కాకపోతే అక్కడ నీటికి బదులు నక్షత్రాల పరస్పర ఆకర్షణ పనిచేస్తుంది. బరువైన వస్తువు తేలికైన వాటి మధ్య నుంచి పోతున్నప్పుడు, అవి దాని వెనుక గుమిగూడి దాన్ని వెనక్కి లాగుతాయి. అది తన వేగాన్ని వాటికి పంచిపెట్టి తాను నెమ్మదిస్తుంది. మద్రాసులో చదువుకున్న మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ ఈ నిరోధాన్ని 1943లోనే లెక్కకట్టారు. కృష్ణబిలాల గణిత సిద్ధాంతం మీద ఆయన చేసిన కృషిని అందరూ తలచుకుంటారు గానీ, అవి గుచ్ఛం నడుమకు ఎందుకు చేరతాయో చెప్పే సూత్రం కూడా ఆయనదేనన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. సాధారణ నక్షత్రం కంటే పదుల రెట్లు బరువున్న కృష్ణబిలాలు ఇలా వేగం కోల్పోయి, గుచ్ఛం కేంద్రానికి దిగి, అక్కడ తమలో తామే ఒక చిన్న గుంపుగా ఏర్పడతాయి.

గుంపుగా చేరినంత మాత్రాన జంట కుదరదు. ఎక్కడి నుంచో వచ్చిన రెండు బిలాలు పక్కపక్కగా పోతే, ఎంత వేగంతో దగ్గరయ్యాయో అంతే వేగంతో దూరమవుతాయి. మరీ అంచులు రాసుకుంటూ పోయినప్పుడు మాత్రం గురుత్వ తరంగాలే శక్తిని లాగేసి వాటిని బంధించగలవు, కానీ అది అరుదు. మామూలుగా జంట కుదరాలంటే పెళ్లికి మధ్యవర్తి ఉన్నట్టే ఇక్కడా మూడోది ఒకటి ఉండాలి. మూడు బిలాలు ఒకేసారి ఒకచోట చేరితే, వాటిలో ఒకటి ఎక్కువ శక్తిని మూటగట్టుకుని వెళ్లిపోతుంది, మిగిలిన రెండూ విడిపోలేని జంట అవుతాయి. ఇంకో విధంగా కూడా ఇది జరుగుతుంది: ఇప్పటికే జంటగా ఉన్న రెండు మామూలు నక్షత్రాల మధ్యకు కృష్ణబిలం వచ్చి చేరినప్పుడు, కొంతసేపు ముగ్గురి ఆట సాగి, సాధారణంగా అన్నిటికంటే తేలికైనది బయటికి విసిరివేయబడుతుంది. ఇలా రెండుసార్లు జరిగితే రెండు నక్షత్రాల స్థానంలో రెండు కృష్ణబిలాలు ఉంటాయి.

ఇక దూరం తగ్గే విషయం. జొన్నచేల మీద వాలే పిట్టలను తోలడానికి రైతులు వాడే వడిసెలను గుర్తు తెచ్చుకోండి. గిరగిరా తిప్పి వదిలిన రాయి ఎంతో వేగంతో పోతుంది, ఆ వేగమంతా తిప్పిన చేతి నుంచి వచ్చిందే. జంట కృష్ణబిలాల దగ్గరికి వచ్చిన మూడో నక్షత్రమో బిలమో కూడా అలాగే, వచ్చిన వేగం కంటే ఎక్కువ వేగంతో విసిరివేయబడుతుంది. ఆ అదనపు శక్తి జంట కక్ష్య నుంచే ఖర్చవుతుంది కనుక జంట మరికొంత బిగుసుకుంటుంది. స్కాట్లాండుకు చెందిన గణితవేత్త డగ్లస్ హెగీ 1975లో దీన్ని ఒక నియమంగా నిరూపించారు: బిగుతుగా ఉన్న జంటను వచ్చిపోయేవి ఇంకా బిగిస్తాయి, వదులుగా ఉన్న జంటను విడగొడతాయి. నా దృష్టిలో ఈ విషయం మొత్తానికి ఆయువుపట్టు ఇదే. ఏకాంతంలో లక్షల కోట్ల సంవత్సరాలు పట్టే పనిని, గుంపులో ఒకదాని తరువాత ఒకటిగా వచ్చిపోయే పరాయి నక్షత్రాలు దోసిలి దోసిలిగా శక్తిని తోడేసి, ఎన్నో రెట్లు తక్కువ కాలంలో ముగిస్తాయి.

ప్రశ్న: జంట మూడోదాన్ని విసిరినప్పుడు న్యూటన్ సూత్రం ప్రకారం జంటకు కూడా వెనుదన్ను తగలాలి. అలాంటప్పుడు కృష్ణబిలాలన్నీ ఒకదాని తరువాత ఒకటి గుచ్ఛం నుంచి బయటపడిపోవా? ఇప్పటి గుచ్ఛాల్లో అవి ఉన్నట్టు ఆధారాలేమైనా దొరికాయా? (విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు, కరీంనగర్)

సమాధానం: మాస్టారూ, మీరు లేవనెత్తిన అభ్యంతరమే 1993లో నిపుణులకూ కలిగింది. ఐఐటీ ఢిల్లీలో చదువుకుని అమెరికాలో స్థిరపడిన శ్రీనివాస్ కులకర్ణి, తన సహచరులు హట్, మెక్‌మిలన్‌లతో కలిసి ఆ ఏడాది ప్రచురించిన పత్రంలో, అదే సమయంలో సిగుర్డ్‌సన్, హెర్న్‌క్విస్ట్ ప్రచురించిన మరో పత్రంలో తేలింది ఇదే: కేంద్రానికి చేరిన కృష్ణబిలాలు ఒకదాన్నొకటి తరిమేసుకుని, గుచ్ఛం వయసుతో పోలిస్తే కొద్దికాలంలోనే దాదాపు ఖాళీ అయిపోతాయి. గోళాకార గుచ్ఛం నుంచి తప్పించుకోవడానికి సెకనుకు కొన్ని పదుల కిలోమీటర్ల వేగం చాలు. జంట బాగా బిగుసుకున్నకొద్దీ విసురు బలంగా ఉంటుంది, వెనుదన్నూ బలంగానే ఉంటుంది. చివరికి ఒక విసురుకు జంట కూడా గుచ్ఛం దాటిపోతుంది.

అయితే అలా వెళ్లిపోవడం ఆ జంట కథకు ముగింపు కాదు. బయటపడే నాటికి అది ఎంత బిగుసుకుని ఉంటుందంటే, ఇక మూడోదాని సాయం లేకుండానే, శూన్యంలో ఒంటరిగా తిరుగుతూ కొన్ని కోట్ల నుంచి కొన్ని వందల కోట్ల సంవత్సరాల్లో గురుత్వ తరంగాల వల్లనే కలిసిపోగలదు. పోర్టెగీస్ జ్వార్ట్, మెక్‌మిలన్ 2000లో ఈ మాట చెప్పి, లైగో వినబోయే శబ్దాల్లో ఇవి ముఖ్యమైనవి కావచ్చునని ఊహించారు. మొదటి తరంగం అందడానికి అది పదిహేనేళ్ల ముందు. ఆ తరువాతి కంప్యూటర్ నమూనాల్లో దాదాపు సగం కలయికలు గుచ్ఛం లోపలే జరుగుతాయని తేలింది. మూడు బిలాలు చిక్కుపడి తిరిగే కాసేపట్లో రెండింటి కక్ష్య బాగా సాగిన దీర్ఘవృత్తంగా మారితే, అవి ప్రతి చుట్టులోనూ అతి దగ్గరగా వచ్చిన ఆ కొద్ది క్షణాల్లో శక్తిని విపరీతంగా పారబోసుకుంటాయి. ఎడం అంతే ఉన్నా కలయిక వందల రెట్లు త్వరగా వచ్చేస్తుంది.

మీ రెండో ప్రశ్నకు వస్తే, గుచ్ఛాలు ఖాళీ అయిపోలేదనే చెప్పాలి. 2012లో ఎం22 అనే గుచ్ఛంలో రేడియో తరంగాల ద్వారా రెండు కృష్ణబిలాల జాడ దొరికింది. 2018లో ఎన్‌జీసీ 3201 అనే గుచ్ఛంలో, సూర్యుడి కంటే కాస్త తేలికైన ఒక నక్షత్రం 167 రోజులకు ఒకసారి ముందుకూ వెనక్కూ ఊగుతున్నట్టు చిలీలోని పెద్ద టెలిస్కోపుతో గమనించారు. దాన్ని ఊపుతున్న కనిపించని తోడు బరువు కనీసం 4 సూర్యుల పైమాటే. ఇది ఎక్స్‌కిరణాలో రేడియో తరంగాలో వెదజల్లకుండా, కేవలం తన ఆకర్షణ వల్ల ఒక గోళాకార గుచ్ఛంలో పట్టుబడిన మొదటి కృష్ణబిలం.

1993 నాటి లెక్క ఎక్కడ తప్పింది? తప్పిందనడం కంటే సగమే చెప్పిందనడం న్యాయం. బిలాల గుంపు మిగిలిన నక్షత్రాలతో తెగతెంపులు చేసుకుని ఒంటరిగా ఉండిపోతుందని అప్పట్లో అనుకున్నారు. నిజానికి అవి విసిరే ప్రతి వస్తువూ గుచ్ఛానికి శక్తినిస్తుంది, ఆ శక్తితో గుచ్ఛం నడిబొడ్డు ఉబ్బి పలచబడుతుంది. పలచబడితే తాకిళ్లు తగ్గుతాయి, బహిష్కరణలూ తగ్గుతాయి. మంట ఎక్కువైతే విజిల్ తానే లేచి ఆవిరిని వదిలే కుక్కర్‌లా, గుచ్ఛం తన అవసరాన్ని బట్టి బిలాల జోరును అదుపులో ఉంచుకుంటుంది. సర్ప మండలం దిక్కున దాదాపు 80,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న పాలోమార్ 5 అనే గుచ్ఛం వింతగా ఉబ్బి, రెండు వైపులా పొడవాటి నక్షత్రాల తోకలతో చెదిరిపోతూ ఉంటుంది. దాని బరువులో ఐదో వంతుకు పైగా, అంటే 100కు మించిన కృష్ణబిలాలు దానిలో ఉంటే తప్ప ఆ రూపం రాదని 2021లో ఒక పరిశోధక బృందం చూపింది. మామూలు నక్షత్రాలు బిలాల కంటే వేగంగా జారిపోతున్నందువల్ల, మరో వంద కోట్ల సంవత్సరాల్లో గుచ్ఛం పూర్తిగా కరిగిపోయే ముందు అందులో బిలాలే మిగులుతాయని వారి అంచనా.

అలా కరిగిపోయిన గుచ్ఛం నుంచి వచ్చినదే కాబోలు, మనకు 2,000 కాంతి సంవత్సరాల దూరంలోనే ఒక కృష్ణబిలం ఉంది. నక్షత్రాల స్థానాలను కొలిచిన గైయా ఉపగ్రహం దాన్ని పట్టుకుంది, 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. గైయా బీహెచ్3 అని పిలిచే దీని బరువు 33 సూర్యులంత. దాని చుట్టూ ఒక ముసలి నక్షత్రం 11 ఏళ్లకు పైబడి ఒక చుట్టు తిరుగుతోంది. ఆ నక్షత్రంలో బరువైన మూలకాలు అతి స్వల్పం, పైగా చెదిరిపోయిన ఒక పాత గుచ్ఛం మిగిల్చిన నక్షత్రాల ప్రవాహంతో కలిసి అది ప్రయాణిస్తోంది. పై సమాధానంలో చెప్పిన రెండు సంగతులూ, అంటే బరువైన మూలకాల కొరత వల్ల బరువైన బిలం మిగలడమూ, బిలం గుచ్ఛంలో కొత్త తోడును సంపాదించుకోవడమూ, ఈ ఒక్క జంటలో కలిసి కనిపిస్తున్నందువల్ల నాకు ఇది మిగతా ఆధారాలన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది.

ప్రశ్న: భూమి మీదికి వచ్చిన గురుత్వ తరంగాన్ని బట్టి, ఆ జంట గుచ్ఛంలో కుదిరిందో, పుట్టుకతోనే జంటో చెప్పగలరా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డల్లాస్)

సమాధానం: ఒక్కొక్క తరంగాన్ని బట్టి ఖాయంగా చెప్పడం కష్టం. అవి వచ్చిన గెలాక్సీనే గుర్తించలేకపోతున్నాం, ఇక అందులోని గుచ్ఛం మాట చెప్పనక్కరలేదు. ఇప్పటికి 200కు పైగా కలయికలు నమోదయ్యాయి కనుక, వాటి గుణాలను కలిపి చూస్తే మాత్రం కొన్ని ఆనవాళ్లు దొరుకుతాయి.

మొదటిది భ్రమణ దిశ. ఒకే వాయుమేఘం నుంచి జంటగా పుట్టినవి సాధారణంగా తాము తిరిగే కక్ష్య దిశలోనే తమ చుట్టూ తాము తిరుగుతాయి. గుచ్ఛంలో ఎవరికి ఎవరు దొరుకుతారో తెలియదు కనుక భ్రమణం ఏ దిక్కుకైనా ఉండవచ్చు. 2024 నవంబర్ 10న నమోదైన తరంగంలో, జంటలోని బరువైన బిలం కక్ష్యకు ఎదురు దిశలో గిరగిరా తిరుగుతున్నట్టు తేలింది. పుట్టుకతో జంటలైన వాటిలో ఇది ఆశించదగ్గది కాదు.

రెండో ఆనవాలు బరువు. నక్షత్రం మరీ భారీగా ఉంటే దాని గర్భంలోని కాంతి, ఎలక్ట్రాన్ పాజిట్రాన్ జంటలుగా మారడం మొదలై, లోపలి ఒత్తిడి సడలి, ఆ కుంగుబాటులో రగిలిన ఆక్సిజన్ మొత్తం నక్షత్రాన్ని తునాతునకలు చేస్తుంది, బిలమే మిగలదు. అందువల్ల నక్షత్రాల నుంచి నేరుగా పుట్టిన కృష్ణబిలాల్లో సుమారు 65 నుంచి 120 సూర్యుల మధ్య బరువున్నవి ఉండకూడదు. 2019 మే 21న అందిన తరంగంలోని జంట బరువులు 85, 66. అవి కలిసి 142 సూర్యుల బిలం అయ్యింది. 2023 నవంబర్ 23న వచ్చిన తరంగం ఇంకా పెద్దది: దాదాపు 100, 140 సూర్యుల బరువున్నవి కలిసి సుమారు 225 సూర్యుల బిలం ఏర్పడింది, పైగా రెండూ చాలా వేగంగా తిరుగుతున్నవే. ఇలాంటివి స్వయంగా పూర్వపు కలయికల సంతానమై ఉండవచ్చునని చాలామంది భావిస్తున్నారు. రెండు సమానమైన బిలాలు కలిసినప్పుడు పుట్టేది, సాధ్యమైన గరిష్ఠ భ్రమణంలో దాదాపు 70 శాతం వేగంతో తిరుగుతుంది. కనుక బరువూ భ్రమణమూ రెండూ ఎక్కువగా ఉండటం అనుమానాన్ని బలపరుస్తుంది.

ఇక్కడ ఒక అడ్డంకి ఉంది. గురుత్వ తరంగాలు అన్ని దిక్కులకూ సమానంగా వెదజల్లబడవు కనుక, కొత్తగా పుట్టిన బిలానికి సెకనుకు వందల కిలోమీటర్ల తోపు తగలవచ్చు. మామూలు గోళాకార గుచ్ఛం దాన్ని పట్టి ఉంచలేదు. రెండో తరం, మూడో తరం కలయికలు జరగాలంటే గెలాక్సీల కేంద్రాల్లో ఉండే మహా గుచ్ఛాల వంటి బరువైన ఇల్లు కావాలి.

మహారాష్ట్రలో, మన నిజామాబాద్ సరిహద్దుకు అవతలి నాందేడ్ జిల్లాను ఆనుకుని ఉన్న హింగోలి జిల్లాలో, ఔంఢా దగ్గర లైగో ఇండియా కేంద్రానికి 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 2,600 కోట్ల రూపాయలతో ఆమోదం ఇచ్చింది. అది పనిచేయడం మొదలైతే, తరంగం వచ్చిన దిక్కును ఇప్పటి కంటే ఎంతో సన్నగా గుర్తించవచ్చు.

ప్రశ్న: ఇలాంటి తారాగుచ్ఛాన్ని మా పిల్లలకు మా ఊరి నుంచి చూపించగలనా? (గృహిణి, అమలాపురం)

సమాధానం: తప్పకుండా చూపించవచ్చునమ్మా. పాలపుంతలోని గోళాకార గుచ్ఛాల్లోకెల్లా పెద్దదైన ఒమేగా సెంటారి, ఉత్తరాన ఉన్న ఐరోపా దేశాల్లో చాలాచోట్ల దిగంతం పైకే రాదు, మనకు మాత్రం చక్కగా కనిపిస్తుంది. దాదాపు 17,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆ గుచ్ఛంలో కోటి నక్షత్రాల దాకా ఉన్నాయి. హబుల్ టెలిస్కోపు 20 ఏళ్లకు పైగా తీసిన 500కు మించిన చిత్రాలను పోల్చి చూసినప్పుడు, దాని నడిబొడ్డున ఏడు నక్షత్రాలు గుచ్ఛం దాటి ఎగిరిపోవలసినంత వేగంతో పోతూ కూడా అక్కడే ఉన్నట్టు 2024లో బయటపడింది. వాటిని పట్టి ఉంచుతున్నది కనీసం 8,200 సూర్యుల బరువున్న కృష్ణబిలమని ఆ పరిశోధకులు తేల్చారు. ఒక్క పెద్ద బిలమేనా, చిన్న బిలాల గుంపు పాత్ర కూడా ఉందా అన్న చర్చ ఇంకా సాగుతోంది.

వైశాఖ బహుళ పక్షంలో, అంటే సాధారణంగా మే నెలలో, చంద్రుడు ఆలస్యంగా ఉదయించే రోజు చూసుకుని, రాత్రి 9, 10 గంటల మధ్య ఊరి దీపాలు దక్షిణాన అడ్డురాని చోటికి పిల్లలను తీసుకువెళ్లండి. దక్షిణం వైపు తిరిగితే ఎత్తుగా, తెల్లగా ఒంటరిగా మెరిసేది చిత్తా నక్షత్రం. చేయి బారజాపి పిడికిలి బిగించి, ఆ పిడికిలితో చిత్త నుంచి సూటిగా కిందికి మూడున్నర పిడికిళ్లు కొలవండి. దిగంతానికి రెండున్నర పిడికిళ్ల పైన, మిగతా చుక్కల్లా సూదిమొనగా కాక, కాస్త అలుక్కుపోయినట్టు ఒక మసక చుక్క ఉంటుంది. కంటికి అందకపోతే బైనాక్యులర్లతో చూడండి, వేలితో అద్దిన విభూతి బొట్టులా గుండ్రంగా కనిపిస్తుంది. ఆరు అంగుళాల టెలిస్కోపు ఉన్నవారు ఎవరైనా తెలిస్తే, ఆ బొట్టు అంచులు విడివిడి చుక్కలుగా రాలడం పిల్లలు తమ కళ్లతోనే చూస్తారు.